ఇంట్లకెళ్లి ఏం పట్టుకపోయిండ్రు

ఎల్.బి.నగర్, ఫిబ్రవరి 2011

అక్కకు వందనాలు. దేవుని దయతోని అందరం మంచిగున్నం. నా బిడ్డ సాధన, యూరప్ కాలేజోళ్లతోని కలిసి, సరిహద్దులు దాటి వలసపోయిన జనం గురించి చదువుతున్నది గద. నిన్న తెలంగాణ బందుకు కాలేజీ మూస్తే, పోలండు మేడమును దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిపించుకుంట మనింటికే తోల్కొచ్చింది. రజాకార్ల భయానికి నువ్వు నన్ను చంకనేసుకొని ఆంధ్రకు దాటినవని చెప్పిన. ఆమె తల్లి గూడ యుద్ధంల తమ్ముణ్ని ఎత్తుకొనే దాటిందట. "దాటేటప్పుడు మీరు ఇంట్లకెళ్లి ఏం పట్టుకపోయిండ్రు?" అని అడిగింది. నేను పసిపోరణ్ని, నాకేం ఎరుక? అరవై ఏండ్లాయె, నిన్ను అడగనే లేదక్కా.

ఆదివారం వాళ్లిద్దరు నీ దగ్గరికే వస్తున్నరు. నీ మాట వాళ్ల పుస్తకంల ఎక్కుతది, నా కాళ్లు నేల మీద ఆనుతలేవు. కొత్తోళ్లని అర్రల దాగకు. కూరల కారం తక్కువెయ్యి. మోకాళ్ల నొప్పి ఎట్లుంది? బర్రె ఈనిందా? పిల్లలకు దీవెనలు. నేను శనివారమే వస్త, ఏం పట్టుకపోయినమో ముందుగాల నాకు చెప్పు.

నీ తమ్ముడు దేవానందం