డకోటా పుస్తకం

నాన్నా,

యుద్ధంలో నువ్వు రిపేర్లు చేసిన డకోటా విమానాన్ని మ్యూజియంవాళ్లు బాగుచేస్తున్నారు. ఇంజన్లు రెండూ మళ్లీ తిరిగాయట. అది ఎక్కడెక్కడ దిగిందో, ఎప్పుడు ఏ భాగం మార్చారో నువ్వు రాసుకున్న నల్లట్ట పుస్తకం కోసం నిన్న నర్సీపట్నం వచ్చారు. ఇంకెక్కడా ఆ వివరాలు లేవట.

"ఆయనతోపాటే పెట్టెలో ఎట్టేసిందండి మా పాప. నాన్నంటే దానికంత పేణం," అంది అమ్మ.

వాళ్లు లేచి నాకు దణ్ణం పెట్టారు. నేను తల దించుకున్నాను.

భూస్థాపన రోజున నీ బైబిలు పక్కన ఆ పుస్తకం ఉంచుతుంటే చర్చివాళ్లంతా ఏడ్చారు. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను. బీరువాలో నా చీరలకు చోటు చాలక దాన్ని అక్కడ పెట్టేశాను నాన్నా.