మేస్త్రి ఈదమ్మ పాఠం

బిజినేపల్లి,
శుక్రవారం.

అమ్మా, నీ పెద్దబిడ్డ మాలతి దండాలు. ఇక్కడ నేను, నీ అల్లుడు, పిల్ల అందరం సుఖమే. వడ్డేపల్లిలో నువ్వూ తమ్ముడు సతీషూ బాగున్నారనుకుంటాను. ఈ ఉత్తరం వాడు నీకు రెండుసార్లు చదివి వినిపించాలి, ఎగ్గొడితే చెవి మెలిపెట్టు. గొంతు నొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గింది, ఇవాళైతే అరిచి గంతులేయాలనుంది!

పోయిన నెల విద్యాధికారి సారు నా పాఠ్యప్రణాళిక వెనక్కిచ్చారని చెప్పాను కదా. "పిల్లలకు కొలతలపై అవగాహన కలుగును" అని లక్ష్యం రాశాను. ఆరేళ్ళుగా గైడులోంచి దించుతున్న వాక్యమే. "కలిగిందని మీకెట్ల తెలుస్తది మేడమ్?" అన్నారు. మళ్ళీ వస్తానన్నారు. ఈసారీ అట్లే ఉంటే నాలుగో తరగతి ఇంకొకరికి ఇస్తామని హెడ్మాస్టరు చెప్పారు. ఏడుపొక్కటే తక్కువ.

మొన్న ఆదివారం ఊరికి వచ్చినప్పుడు, విత్తనాల కోసం వేసిన సీడుపత్తి చేనులో నువ్వు కూలీలతో అన్నది విన్నాను. "మంచిగ చెయ్యుండ్రి అంటే ఎవరికేం సమజైతది? ఎండెక్కకముందే మీ సాలుల విచ్చిన పువ్వు ఒక్కటి గూడ ఇడ్వకుండ పుప్పొడి రాసి దారం కట్టాలె. దారం జూసి చెప్త, ఎవరు చేసిండ్రో ఎవరు చెయ్యలేదో!"

బస్సులోనే కొత్త లక్ష్యం రాసుకున్నాను: గంట కొట్టేలోపు ప్రతి పిల్లా తన నోటుబుక్కు పొడవును స్కేలుతో కొలిచి, సెంటీమీటర్లలో రాసి చూపించాలి. సోమవారం చూద్దును కదా, ఇరవై ముగ్గురిలో పదకొండు మంది సున్నా వదిలేసి ఒకటి దగ్గర నుంచి కొలుస్తున్నారు! ఇన్నేళ్ళలో ఎందరు ఇట్లాగే పై తరగతికి పోయారో తలచుకుంటే సిగ్గేసింది. నాలుగు రోజులు దాని మీదే కూర్చున్నాం.

ఇవాళ సారు వచ్చారు. ఎప్పుడూ నోరు విప్పని శ్రుతిని లేపి, చాక్‌పీసుల డబ్బా మీద తానే కావాలని స్కేలును తప్పుగా పెట్టి, "పదహారు గదా?" అన్నారు.

"కాదు సార్. మీరు సున్న ఇడిసిపెట్టిండ్రు. పదిహేనే!" అంది పిల్ల.

సారు పకపకా నవ్వారు. "గిట్ల చెప్పుడు ఏ ట్రైనింగుల నేర్చుకున్నరు మేడమ్?"

అమ్మా, నీకు ఒకటి చెప్పలేదు. ఈ బడిలో చేరిన రోజు నుంచి మా అమ్మ ఇంటిపట్టునే ఉంటుందని చెప్పుకొచ్చాను. కూలీల మేస్త్రి అనడానికి నామోషీ. తిట్టు, పడతాను. ఇవాళ మాత్రం అందరి ముందూ చెప్పాను: "మా అమ్మ ఈదమ్మ నేర్పింది సార్. సీడుపత్తి చేన్ల మేస్త్రి."

వచ్చే మంగళవారం మండలంలోని టీచర్లందరికీ ఇదే చెప్పమన్నారు. నువ్వు వచ్చి ముందు వరుసలో కూర్చోవాలి. పెట్టెలోని పట్టుచీర తీయకు, చేనికి కట్టుకునే చీరతోనే రా.

ఇట్లు,
మేస్త్రి ఈదమ్మ పెద్దబిడ్డ,
మాలతి