నాలుగో పికప్ కొనకు

ఒరేయ్ తమ్ముడూ, గిటారుకి తీగల మోతను పట్టే పికప్ ఇంకోటి కొనకు. ఇప్పటికే మూడు మార్చాం. మూడింటికీ "శబ్దం మొద్దుగా ఉంది, నీ టంకం పనే సరిగ్గా లేదక్కా" అని దెప్పావు. వైర్లన్నీ మీటరు పెట్టి చూశాను, ఒక్క అతుకూ వదులుగా లేదు.

నిన్న "సరిచేశాను చూడు" అని నేను గిటారు ఇచ్చినప్పుడు అందులో బిగించింది నీ పాత పికప్పే, గంటలా మోగుతుందని పదేళ్ళు నువ్వు మురిసిపోయినదే. తీగలు మీటి "ఇదీ మొద్దుగానే ఉంది" అన్నావు.

లోపం గిటారులో లేదురా. నీ చెవుల్లో ఉందేమోనని భయంగా ఉంది. రేపు పదింటికి చెవి డాక్టరు దగ్గర నీ పేరు రాయించాను. సెలవు పెట్టి నేనూ వస్తాను.

అక్క

మొన్న భోజనానికి మూడుసార్లు పిలిచినా పలకలేదని, నీ వెనకాలే నిలబడి పొగరుబోతని తిట్టాను. ఆ తిట్టు కూడా నీకు వినపడకపోయి ఉంటే బాగుండు.