కుండ నీళ్ల పాఠం

వనపర్తి, గురువారం రాత్రి

ఓ నిష్కళంకమైన తెల్ల కాగితమా, ఇప్పుడు నీమీద వెళ్లగక్కబోయే విషానికి సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను.

మా నాలుగో తరగతి పిల్లలు మొద్దులట! ఇవాళ తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ సాబ్ తీర్పు. "అందరు గాడిదలే ఉన్నరు గద మాస్టర్! ఫెయిల్ చేసెయ్‌రి." పక్కనే మా హెడ్మాస్టర్ గారు "జీ హుజూర్" అన్నారు. ఆ తల అడ్డంగా ఊగడం నేనింతవరకు చూడలేదు.

నేను చేరిన కొత్తలో సర్కారు హుకుం ప్రకారం ఉర్దూలోనే పాఠం చెబితే పిల్లలూ అచ్చం అలాగే తలలాడించారు. పరీక్ష పెడితే ఒక్కరికీ ఒక్క ముక్క రాలేదు. అప్పటినుంచి రోజూ బడి వదిలాక ఏ మాట దగ్గర వాళ్ల కళ్లు తేలిపోయాయో తలచుకుంటూ నడుస్తాను. మర్నాడు ఆ మాట తెలుగులో చెప్పి, తిరిగి వాళ్లచేత చెప్పిస్తాను.

ఇవాళ కుండలో నీళ్లెందుకు చల్లబడతాయని అడిగాను. నర్సింహులు లేచాడు. "కుండకు చెమట పడ్తది సార్. గాలి గా చెమటను ఎత్తుకపోతది, ఎత్తుకపోంగ నీళ్ల ఏడి గూడ…"

వీడా గాడిద? ఇన్‌స్పెక్టర్ సాబ్ అదే ప్రశ్న ఉర్దూలో వేస్తే నోరు తెరవలేదు, నిజమే. ఆయన వెళ్లాక కళ్లు తుడుచుకుంటూ "మేం ఫెయిలా సార్?" అన్నాడు. ఇద్దరు పెద్దమనుషులూ కలిసి…

కాదు. బయట ఇన్‌స్పెక్టర్ సాబ్ జట్కా ఆగిన చప్పుడు వినగానే, నర్సింహులును సగం మాటలో కూర్చోబెట్టి ఉర్దూ పాఠం అందుకున్నది నేనే.