సమాధుల దగ్గర భోజనం

ఏప్రిల్ 9, బుధవారం

 రాయకపోతే ఊపిరాడేలా లేదు.

మధ్యాహ్నం బడి వంటగదిలో గిన్నెలు కడుగుతుంటే మిస్టీ వచ్చింది. మా తమ్ముడు ఎస్టిల్ కూతురు. మొహం పాలిపోయి ఉంది. అత్తా, ఆ సినిమా ఇంటర్నెట్‌లో వచ్చి పది రోజులైందట, నిలబడి చూడకు, కూర్చో అంది. నిరుడు మేలో మా కొండ మీదికి కెమెరా మోసుకొచ్చిన ట్రెంట్ తీసిన సినిమా. పేరు 'మాంసాల కొండ'. ఆ పేరు మాకెప్పుడూ చెప్పలేదు. కొండ మనుషుల బతుకు గురించి తీస్తున్నానన్నాడు.

ఓహాయో నుంచి వచ్చిన నలుగురు కుర్రకారు అడవిలో దారి తప్పుతారు. కొండ మీద ఒక కుటుంబం ఉంటుంది. ఆ కుటుంబం మనుషుల్ని తింటుంది.

ఆ కుటుంబం మేమే.

డెకరేషన్ రోజు తీసిందంతా అందులో పెట్టాడు. ఏటా మే ఆఖరి ఆదివారం మావాళ్ళ సమాధుల మీద గడ్డి పీకి, పూలు పెట్టి, పక్కనే బల్లలు వేసుకుని అందరం తింటామా, అదంతా. నేను కోడికాలు కొరుకుతున్నాను. మూతికి నూనె. వెనకాల మా నాన్న సమాధి రాయి. ఆ రాయి మీద నాన్న పేరు కూడా కనిపిస్తోంది. చెవులు చిల్లులు పడే సంగీతం ఒకటి.

తర్వాత అమ్మ లేచి నిలబడి, ఏటా చేసే ప్రార్థనే చేసింది. ప్రభూ, మాకంటే ముందు పోయినవాళ్ళ చేతులు మాకు తిండి పెట్టాయి, ఇవాళ వాళ్ళ పక్కనే కూర్చుని తింటున్నాం, ఈ కొండ ఎక్కిన ఎవరినీ ఆకలితో పోనివ్వకు, ఆమెన్.

చేతులు అన్న మాట దగ్గర, పళ్ళెంలో తెగిన చెయ్యి చూపించాడు. అదీ అమ్మ నీలిపూల పళ్ళెంలో! ఆ వెధవకి ఆపిల్ కేకు పెట్టి పంపిన పళ్ళెం అది. తిరిగి ఇచ్చేటప్పుడు శుభ్రంగా కడిగి మరీ ఇచ్చాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాం.

అమ్మకు ఎనభై నాలుగు. ఈ సంగతి ఆవిడ చెవిన పడకూడదు. పడితే ఆ క్షణమే గుండె ఆగిపోతుంది.

ఏప్రిల్ 10, గురువారం

ఏడో తరగతి పిల్ల ట్రే చాపి, మిస్ వర్నా, ఇవాళ ఎవరి మాంసం అంది. వరసంతా పగలబడి నవ్వారు.

ఏప్రిల్ 12, శనివారం

మిస్టీ వద్దంటున్నా చూసినవాళ్ళు రాసినవి చదివించుకున్నాను. నాకు బుద్ధి లేదు.

సినిమా చెత్త అని అందరూ ఒప్పుకున్నారు. రక్తం టమాటా రసంలా ఉందట. హీరోయిన్ అరవడం కూడా రాదట. కానీ ఆ భోజనం దగ్గరికి వచ్చేసరికి అందరికీ పూనకం. ఆ ముసలావిడను ఎక్కడ పట్టారురా బాబూ, వారం రోజులైంది నిద్రపట్టి అని ఒకడు. ఈ మొహాలకు మేకప్ వేసినవాడికి బహుమానం ఇవ్వాలని ఇంకొకడు. మేకప్ ఏమిటి నా బొంద! అమ్మ ఆ రోజు పౌడరు కూడా రాసుకోలేదు.

ఆ ప్రార్థన రాసిన చొక్కాలు కూడా అమ్ముతున్నారు.

ఆఖరున ఒకటి చదివి మిస్టీ ఫోన్ బల్ల మీద పడేసింది. టోపీ పెట్టుకున్న బక్కాయన దగ్గు అద్భుతం, అంత సహజంగా దగ్గే నటుణ్ణి నేనింతవరకు చూడలేదు అని రాశారు. దాని కింద నాలుగు వందల మంది అవునవును అన్నారు.

ఆ బక్కాయన మా ఎస్టిలే, జనవరిలో పోయాడు. ముప్ఫై ఏళ్ళు గనిలో మింగిన బొగ్గుదుమ్ము ఆ దగ్గు. ఆఖరి వారం మంచం పట్టె పట్టుకుని దగ్గేవాడు. నేను వీపు రాసేదాన్ని.



ఏప్రిల్ 14, సోమవారం

ట్రెంట్‌కు రాశాను. నోటికి వచ్చిందంతా రాశాను. మా భోజనం తిని మమ్మల్నే నరమాంసం తినేవాళ్ళను చేశావు, సిగ్గు లేదా, ఆ భోజనం ముక్క తీసేయ్ అన్నాను.

తప్పు మాదీ ఉంది. ఆ రోజు సినిమాలో వాడుకోడానికి ఒప్పుకున్నట్టు కాగితాలు ఇచ్చి సంతకాలు పెట్టమన్నాడు. నేను కళ్ళజోడు తీయబోతే అమ్మ మోచేత్తో పొడిచింది. మన బల్ల దగ్గర తిన్న మనిషి కాగితాన్ని అనుమానంగా చదువుతావా అని చెవిలో గొణిగింది. అందరం పందిమాంసపు హ్యామ్ పళ్ళేల పక్కనే పెట్టుకుని గీకేశాం. అమ్మ సంతకం మీద నూనె మరక కూడా పడింది.

ఏప్రిల్ 17, గురువారం

ట్రెంట్ ఫోన్ చేశాడు. నోటికి వచ్చినట్టు తిట్టాను. ఎస్టిల్ పోయాడని చెప్పాను. ఏడుస్తూ, అమ్మా, నాకు తెలియదు, ఆయన నాకు రెండో కేకు ముక్క కూడా పెట్టాడు అన్నాడు. అదన్నా గుర్తుంది వెధవకి.

సినిమాకు పేరొచ్చిందే ఆ ముక్కతో, అయినా తీసేస్తానన్నాడు. వచ్చే శుక్రవారం నుంచి ఎక్కడా ఉండదట.

గెలిచాను. ఎనిమిది రోజుల్లో మొదటిసారి కడుపునిండా తిన్నాను.

ఏప్రిల్ 20, ఈస్టర్

చర్చి మెట్ల మీద ఎవరో మహాతల్లి అమ్మను ఆపి, ఓపల్, నువ్వు సినిమా యాక్టరువి అయిపోయావటగా అంది. అమ్మ దారంతా, ఏదీ చూపించు, చూపించు అని ఒకటే పోరు. ఫోన్ పాడైపోయిందన్నాను. ఆ క్షణమే నా సంచీలో ఫోన్ మోగింది. అమ్మ నన్నొక చూపు చూసింది.

ఏప్రిల్ 22, మంగళవారం, మధ్యాహ్నం మూడున్నర

బడినుంచి వచ్చేసరికి వసారాలో అమ్మ, మిస్టీ. అమ్మ ఒళ్ళో ఫోన్. సినిమా నడుస్తోంది.  ఏం చేశావే అని మిస్టీ మీద అరిచాను. నానమ్మ అడిగితే కాదనడం నా వల్ల కాలేదు అంది.

అమ్మ ప్రార్థన వచ్చింది. తెగిన చెయ్యి వచ్చింది. అమ్మ కళ్ళు తిప్పుకోలేదు. ఆ భోజనం ముక్క అయిపోయాక వేలు ఎత్తి, వెనక్కి తిప్పు అంది.

మిస్టీ తిప్పింది. అమ్మ ఇంకా వెనక్కి, ఆఁ, అక్కడ అంది.

నాకు అప్పటివరకు కనిపించలేదు. పదమూడు రోజులుగా నా మూతీ, నాన్న రాయీ, ఆ చెయ్యీ తప్ప నాకేమీ కనిపించలేదు. ప్రార్థన కాగానే ఎస్టిల్ దగ్గుతాడు. దగ్గు ఆగాక టోపీ వెనక్కి నెట్టి, తన కేకు ముక్క తీసి అమ్మ పళ్ళెంలో పెట్టి నవ్వుతాడు. పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వుతాడు. ఫోన్ ఎత్తితే చాలు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకునే మనిషి! మా దగ్గర ఒక్క వీడియో లేదు. ఆ రోజు మాత్రం ముక్కులో ఆక్సిజన్ గొట్టం తీసి జేబులో పెట్టుకుని, పెద్ద కెమెరా ముందు దొరలా కూర్చున్నాడు.

అమ్మ పదకొండు సార్లు చూసింది. ఎంతమంది చూశారే మా వాణ్ణి అని అడిగింది. రెండు లక్షలు నానమ్మా అంది మిస్టీ. అమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. ఈ లోయ దాటని నా బిడ్డను రెండు లక్షల మందా అంది.

శుక్రవారం ఇది ఉండదు. తీసేయించింది నేను.

ఏప్రిల్ 23, బుధవారం, ఉదయం

రాత్రంతా అమ్మకు చెప్పాలా వద్దా అని కొట్టుమిట్టాడాను. కాఫీ దగ్గర చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. వాడికి ఫోన్ కలిపి నాకివ్వు అంది.

అమ్మ ట్రెంట్‌తో మాట్లాడింది రెండే నిమిషాలు. ఏం నాయనా, తిన్నావా అని మొదలుపెట్టింది. నా కొడుకును తీసేయకు, వాడున్నదంతా ఉండనీ అంది. జనం మిమ్మల్ని రాక్షసులు అనుకుంటారమ్మా అని అతను అన్నట్టున్నాడు. అనుకోనీ, నన్ను ఎరిగినవాళ్ళు ఎరుగుదురు అంది. ఆ చెయ్యి మాత్రం తీసెయ్, అది నా పెళ్ళినాటి పళ్ళెం, అలాంటివి పెట్టకూడదు అని గట్టిగా చీవాట్లు పెట్టింది.

పద్నాలుగు రోజులు నేను దేనికి ఏడ్చినట్టు? నాకే నవ్వొచ్చింది. తర్వాత వంటగదిలోకి పోయి ఏడ్చాను.

మే 25, ఆదివారం, డెకరేషన్

కొండ కింద ఓహాయో నంబరు కార్లు మూడు ఆగాయి. నల్లచొక్కాల పిల్లలు పదిమందికి పైనే. చొక్కాల మీద అమ్మ మొహం. ఫోన్లు ఎత్తి పట్టుకుని పైకి వస్తున్నారు. నేను గడ్డపార తీసుకున్నాను.

అమ్మ నన్ను పక్కకు నెట్టి, ఒక్కొక్కరి చేతిలో పళ్ళెం పెట్టింది. హ్యామ్ వైపు చూసి వాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. ఒక్కరూ ముట్టుకోలేదు.

అమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. మాకంటే ముందు పోయినవాళ్ళ చేతులు అనేసరికి వాళ్ళంతా గొంతు కలిపారు. అందరికీ కంఠతా వచ్చు. ఒక్క అక్షరం పోలేదు. 

ఆమెన్ అన్నాక ఒక పిల్ల ఎస్టిల్ కొత్త రాయి చూసింది. సినిమా ఆఖర్లో పడే ఆ పేరు చదివింది. తేదీ చదివింది. ఈయన దగ్గు నిజంగానే, అని ఆగిపోయింది. పళ్ళెం చేతిలోంచి జారబోయింది.

అమ్మ పట్టుకుంది. తన కేకు ముక్క తీసి ఆ పళ్ళెంలో పెట్టింది. ముందు తిను తల్లీ, తిన్నాక ఏడుద్దాం అంది.