పట్టీ చాలని ఉయ్యాల

అత్తిముగం తోట,
12 ఆగస్టు 2025, మంగళవారం.

కృష్ణగిరిలో అంగడి చూసుకుంటా ఉండే మా అన్న ద్వారకనాథ్‌కు చెల్లెలు గౌరి దండం పెట్టి రాసేది. నేనీడ బాగుండాను. నువ్వూ బాగుండాలనే కోరుకుంటాను, ఈ ఉత్తరం చదివినాక ఎట్లుంటావో మాత్రం చెప్పలేను. ఫోన్ చేస్తే మాట పూర్తి కాకముందే కట్ చేస్తావు. కాగితాన్ని కట్ చేయలేవు గదా, అందుకే రాస్తా ఉండాను.

శుక్రవారం రంపం మిషన్లు తీసుకోని మనుషులు వస్తారంట. నాయన నాటిన తోతాపురి మామిడి చెట్లన్నీ కొట్టించి ప్లాట్లు వేస్తావంట. తోటలో సగం నాది. నన్ను ఒక్క మాట అడిగినావా? ఆడదానికి తోటెందుకు, పోయి ఆడ పడుకుంటావా అని నలుగురిలో నవ్వినావు. అవునన్నా, పడుకుంటాను! అందుకే హోసూరు నుంచి వచ్చి ఈడ ఉయ్యాల కట్టినాను. మా పాప నమిత స్నేహితులతో కెలవరపల్లి డ్యాం కాడ క్యాంపింగ్‌కు పోయేటప్పుడు కొన్న, రెండు చెట్ల నడుమ కట్టే గుడ్డ ఉయ్యాల అది.

కట్టేది అంత సులువు కాదప్పా. కొమ్మకు కొమ్మ తగలకూడదని నాయన చెట్లను ఎడంగా నాటినాడు గదా, ఉయ్యాలతో వచ్చిన పట్టీలు సగం దూరం కూడా రాలేదు. చెట్ల నడుమ దూరంలో ఉయ్యాల పొడవు తీసేసి, మిగిలింది రెండు పక్కలకూ పంచి, మాను చుట్టూ తిప్పేదానికి ఇంకొంచెం కలపాల. నా చేత్తో మూరలేసి లెక్క చెప్పినాను. హోసూరు పోయి పట్టీ కోయించుకోని వచ్చిన మనిషేమో పూలంగడిలో పుట్టి పెరిగింది. పూలమ్మేవాళ్ల మూర ఎంతుంటాదో నీకు తెలీదా! మూరకింత తగ్గి, మాను చుట్టూ తిరిగేదానికే పట్టీ చాలకపాయ. లాగి లాగి కట్టినాము. బట్టలారేసే తీగ మాదిరి బిర్రుగా నిలిచింది, కూర్చుంటూనే నన్ను తిప్పి కింద పారేసింది. నడుము ఇంకా నొప్పే. నవ్వుకో.

మళ్లా కొలిచినాము, ఈసారి టేపుతో. ఇప్పుడు పట్టీ పొడుగ్గా, వదులుగా ఉండాది. దూరం ఎక్కువైతే మానుకు బాగా పైన కట్టాల, లేకుంటే నేలకు తగులుతాది. నిచ్చెనేసుకోని కట్టినాను. సన్నతాడు బెరడును కోస్తాదని వెడల్పు పట్టీనే తెప్పించినాను. బెరడు గీరుకుంటాదేమో అని నేను చూస్తా ఉంటే, మొదలుకే రంపం పెట్టించేదానికి నువ్వు మనుషుల్ని పిలుస్తా ఉండావు. కడుపు మండతాదన్నా.

శుక్రవారం రమ్మను వాళ్లని. ముందు ఉయ్యాల విప్పాల, విప్పాలంటే నన్ను దించాల. నేను దిగను. వానొస్తే టార్పాలిన్ ఉండాది, ఆకలైతే సంగటి ఉండాది. నువ్వే వచ్చి నీ చేత్తో విప్పు, చూస్తాను.

వదిన పుట్టింటికి పోయిందని విన్నాను. పొద్దున కాఫీకి తిప్పలు పడతా ఉంటావు, పాపం.

ఇట్లు,
దిగేది లేదనే నీ తోడబుట్టింది,
గౌరి.

తా.క.: కస్తూరి వదిన పుట్టింట్లో లేదు. నేను చెప్పిన పూలంగడి బిడ్డ ఆమే. పక్క చెట్లకు రెండో ఉయ్యాల కట్టుకోని పడుకోని ఉండాది. దాని పట్టీ మాత్రం సరిగ్గా కొలుచుకుంది. శుక్రవారం వచ్చేటప్పుడు ఆమె కళ్లద్దాలు తెమ్మంది, ఇప్పట్లో ఇంటికి వచ్చేది లేదంట.