విమానానికి పెట్టిన బొట్టు

1986 డిసెంబరు

చిరంజీవి గురునాథానికి మీ నాన్న దీవించి వ్రాయునది. ఇక్కడ నేనూ మీ అమ్మా కులాసాగానే ఉన్నాము. నువ్వు కులాసాగా లేవని తెలిశాక ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి చెబుతాను. పత్తికి తెల్లదోమ తగ్గలేదు. మీ కంపెనీ విమానంతో మందు కొట్టించిన చేలూ, మాలాగా చేత్తో కొట్టుకున్న చేలూ ఒకటిగానే నల్లబడ్డాయి. మిరప ఫరవాలేదు. నా నడుంనొప్పి అట్లాగే ఉంది.

ఆ విమానం నడిపిన పైలటు బాబును గుంటూరు ఆసుపత్రిలో చూసి వచ్చాను. చెయ్యి విరిగింది, ప్రాణానికి భయం లేదన్నారు. మన ఊరినుంచి బెజవాడ పోతూ మంచులో చిక్కుకున్నాడట. ఎంత పైకి పోయినా ఎత్తు చూపే ముల్లు కదల్లేదట. నేల ఎక్కడుందో తెలియక తాడేపల్లి దగ్గర కృష్ణ ఇసుకలో పడ్డాడు. "మీవాడు చూసిన మీటరు ఎప్పుడూ తప్పు చెప్పలేదండీ" అన్నాడు.

మీటరు బాగుందని సంతకం పెట్టింది నువ్వే కాబట్టి నీ లైసెన్సు ఆపారని రాశావు. విచారణలో తేలకపోతే ఇక ఏ విమానమూ ముట్టనివ్వరన్నావు. నువ్వు మద్రాసు వెళ్ళాక దాన్ని ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగావు. ముట్టుకున్నారు.

నువ్వు బస్సెక్కిన మర్నాడు పొద్దున్నే, విమానం బెజవాడ పోయేముందు, మీ అమ్మ పసుపూ కుంకుమా పట్టుకుని విమానం దిగే చేలోకి వచ్చింది. "మన పిల్లోడు బాగుచేసింది, బోసి మొహంతో పంపుతామా?" అంది. కాపలా ఉండే ఇమాం హుస్సేన్ నవ్వి, "పెద్దమ్మా, అదేమన్నా ఎద్దా, అన్నిచోట్లా రాస్తున్నావు?" అన్నాడు. "నోర్మూసుకోరా, రేపు నీ సైకిలుకీ పెట్టమని నువ్వే వస్తావు" అంది. ముక్కుకు రాసింది, రెక్కలకు రాసింది. పక్కన రేకు మీద రూపాయి బిళ్ళంత గుండ్రంగా మెరిసే చోటు ఉంటుందే, అది బొట్టు కోసమే వదిలారనుకుంది. పసుపు ముద్ద అద్ది, వేలితో గట్టిగా నొక్కి, పైన కుంకం పెట్టింది. నేను పక్కనే ఉన్నాను. బాగుందనే అనుకున్నాను.

నీ ఉత్తరం చదివాక మనసు కీడు శంకించి తాడేపల్లి వెళ్ళాను. విమానాల శాఖ ఆఫీసరు అక్కడే ఉన్నాడు. విమానమంతా ఏటి బురద. ఆ బిళ్ళ చూపించి, ఇక్కడ బొట్టు పెట్టామండీ అన్నాను. ఆయన గోటితో బురద గీకితే కింద పసుపు కనబడింది.

"ఇందులో సన్న రంధ్రాలుంటాయి పెద్దాయనా. బయటిగాలి వీటిలోంచి పోతేనే మీటరుకు ఎత్తు తెలిసేది" అన్నాడు. "ఎగిరేముందు ఇవి తెరిచి ఉన్నాయో లేదో చూసుకోవాలని రూలుంది. ఈ చిన్న విమానాల దగ్గర ఎవరు చూస్తున్నారు?" అన్నాడు. తరవాత, బొట్టు ఎవరు పెట్టారని అడిగాడు.

ఇది నీకు రాయాలా వద్దా అని రెండు కాగితాలు చించాను. నేనే పెట్టానని చెప్పాను. "మగవాళ్ళు పెడతారా?" అన్నాడు. "మా ఇంట్లో నేనే పెడతానండీ" అన్నాను. రాసుకుని సంతకం చేయించుకున్నాడు. ఇమాం హుస్సేన్‌కూ చెప్పి ఉంచాను, మీ అమ్మ పేరెత్తడు.

నీ లైసెన్సు సంగతి తెలిసినప్పటినుంచీ మీ అమ్మ సరిగా తినడం లేదు. ఎవరి దిష్టో తగిలిందంటుంది. తన వేలే అని తెలిస్తే ఆ మనిషి ఇక లేవదు.

విచారణకు నన్నూ రమ్మన్నారు. నలుగురి ముందు మాట్లాడటం నాకు చేతకాదని నీకు తెలుసు. బొట్టు నేనే పెట్టానన్న ఒక్క మాటే గనక చెబుతాను. నువ్వు చూడనిదానికి సంతకం పెట్టేవాడివి కావు. అయినా అడుగుతున్నాను, నేను ఆ మాట అన్నప్పుడు కాదనకుండా ఊరుకో. ఎవరు పెట్టినా నీ మీటరు తప్పు లేదని తేలుతుంది.

దీనికి జవాబు ఇంటికి రాయకు, మీ అమ్మ పక్కింటి కరీమున్ చేత చదివించుకుంటుంది. సొసైటీ ఆఫీసుకు రాయి. ఇంటికి వేరే కార్డు రాసి, అందులో దిష్టి పోయిందని రాయి.

ఇట్లు,
మీ నాన్న
పేరయ్య